స్కైప్ పోయింది, అది చెప్పని సంగతులు మిగిలాయి

2025 మే 5న మైక్రోసాఫ్ట్ స్కైప్‌ను మూసేసింది. మొదటి బీటా బయటికొచ్చింది 2003 ఆగస్టు 29న. అంటే దాదాపు 22 ఏళ్ళు నడిచిందన్నమాట. మూసేస్తున్నారనగానే చాలామంది ఆ రింగ్‌టోను గుర్తు చేసుకుని బాధపడ్డారు. నాకు మాత్రం ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఈ సాఫ్టువేరు మన కంప్యూటర్లో కూర్చుని ఏం చేస్తోందో, ఎవరితో మాట్లాడుతోందో మనకి తెలిసిందంతా దాదాపుగా బయటివాళ్ళు తవ్వి తీస్తేనే తెలిసింది. లేదా అది కుప్పకూలినప్పుడు తెలిసింది. తనంతట తాను చెప్పింది బహు తక్కువ.

ముందే ఒక మాట. సోర్సు కోడు మొత్తం అందరికీ పంచిపెట్టాలని వాదించడానికి ఇది రాయట్లేదు. మనలో ఎక్కువమందికి జీతాలొచ్చేది బయటికి చూపించని కోడు రాసినందుకే, నేనూ అందులో ఒకణ్ణే. నా ప్రశ్న చిన్నది. కోడు చూపించకపోయినా, నెట్‌వర్కు మీద ఏం చేస్తున్నారో చెప్పొచ్చు కదా? చెప్పకపోతే ఏమవుతుంది? దీనికి స్కైప్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అసలు అది ఎలా పనిచేసేది?

స్కైప్ వెనక ఉన్నది స్వీడన్‌కి చెందిన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, డెన్మార్క్‌కి చెందిన యానుస్ ఫ్రీస్. కోడు రాసింది ఎస్టోనియా కుర్రాళ్ళు. వీళ్ళంతా అంతకుముందు పాటలూ సినిమాలూ పంచుకునే కజా అనే సాఫ్టువేరు చేసినవాళ్ళే. ఆ పీర్ టు పీర్ పద్ధతినే ఫోను మాటలకి వాడారు.

అప్పట్లో ఇంటర్నెట్లో మాట్లాడుకోవడానికి పెద్ద అడ్డంకి నాట్. ఇంట్లో రౌటరు వెనకున్న కంప్యూటరుకి బయటి ప్రపంచంలో సొంత చిరునామా ఉండదు. అపార్టుమెంటు వాచ్‌మన్ లాంటిది రౌటరు. లోపలివాళ్ళు ముందు బయటికి కబురు పంపితేనే, జవాబు పట్టుకొచ్చినవాణ్ణి లోపలికి రానిస్తుంది. ఇద్దరు స్నేహితులు రెండు వేర్వేరు అపార్టుమెంట్లలో ఉంటే, ఈ వాచ్‌మన్ వాళ్ళ మనిషిని రానివ్వడు, ఆ వాచ్‌మన్ వీళ్ళ మనిషిని రానివ్వడు. మిగతా సాఫ్టువేర్లలో రౌటరు సెట్టింగులతో కుస్తీ పట్టాల్సి వచ్చేది. స్కైప్‌లో ఏమీ చెయ్యక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేస్తే పనిచేసేది. అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారబ్బాయి ఇక్కడ వాళ్ళమ్మకి ఫోన్లో మౌసు ఎక్కడ నొక్కాలో చెప్పగలిగాడంటే, ఆవిడ ఆ తర్వాత ఆదివారం ఆదివారం మనవరాలి మొహం చూడగలిగిందంటే, అదంతా ఈ ఒక్క పనితనం వల్లే. తెలుగు ఊళ్ళలో కాలింగ్ కార్డుల కాలం పోయి వెబ్‌కామ్‌ల కాలం వచ్చిందంటే అందులో స్కైప్ వాటా ఉంది. అందుకే దాన్ని తిట్టడం నాకూ కష్టమే.

ఇంతకీ ఆ కిటుకు ఏంటంటే, సూపర్‌నోడ్లు. పబ్లిక్ ఐపీ, మంచి బ్యాండ్‌విడ్తు ఉన్న వాడుకరి ఎవరైనా సరే, వాళ్ళ కంప్యూటర్ని స్కైప్ సూపర్‌నోడ్‌గా మార్చేసుకునేది. ఎవరు ఎక్కడున్నారో వెతికిపెట్టే పని ఆ కంప్యూటరు చేసేది. ఇద్దరూ నేరుగా కలవలేకపోతే వాళ్ళ మాటలు మూడో వాడుకరి కంప్యూటరు గుండా పోయేవి. మీ ప్రాసెసరూ బ్యాండ్‌విడ్తూ వాడుకుంటామని లైసెన్సు ఒప్పందంలో రాసే ఉంది లెండి. కానీ ఇప్పుడు వాడుతున్నామా లేదా, ఎంత వాడుతున్నాం అన్నది తెర మీద ఎక్కడా కనిపించేది కాదు. మంచి కనెక్షన్లున్న విశ్వవిద్యాలయాల నెట్‌వర్కులవాళ్ళకి ఇది తలనొప్పిగా తయారైంది. తమ బ్యాండ్‌విడ్తుని ఎవరెవరి కాల్స్‌కో ఖర్చు పెడుతున్నామా అన్న అనుమానం, చూద్దామంటే ఏమీ కనబడదు.

బయటినుంచి తొంగిచూసినవాళ్ళు

కొలంబియా విశ్వవిద్యాలయంలో సల్మాన్ బాసెట్, హెన్నింగ్ షుల్‌జ్రిన్ 2004లో ఒక పని చేశారు. షుల్‌జ్రిన్ అంటే తెలుసుగా, ఇంటర్నెట్ టెలిఫోనుకి బహిరంగ ప్రమాణమైన సిప్‌ను రూపొందించినవాళ్ళలో ఒకరు. స్కైప్ 0.97 వెర్షన్ని పబ్లిక్ ఐపీ మీద ఒకసారి, నాట్ వెనక ఒకసారి, యూడీపీని ఆపేసే ఫైర్‌వాల్ వెనక ఒకసారి పెట్టి, వైర్ మీద పోయే ప్యాకెట్లన్నీ పట్టుకుని చూశారు. (ఇప్పుడు మనం వైర్‌షార్క్ అనేదాన్ని అప్పట్లో ఎథీరియల్ అనేవాళ్ళు. వాళ్ళు వాడింది అదే.) లోపల ఏముందో కనబడకపోయినా, ఎప్పుడు ఎవరితో మాట్లాడుతోందో చూసి లాగిన్ ఎలా జరుగుతుంది, సూపర్‌నోడ్ జాబితా ఎక్కడ దాచుకుంటుంది, 80, 443 పోర్టుల మీద కూడా ఎలా చెవి ఒగ్గి ఉంటుంది, ఇవన్నీ రాశారు. చిత్రమేమిటంటే, ఇందులో చాలాభాగం ఏ సాఫ్టువేరు మాన్యువల్లోనైనా ఉండాల్సిన సమాచారమే! ఒక ఫైర్‌వాల్ చూసుకునేవాడికి మొదటిరోజే కావాల్సిన సమాచారం. దానికి పరిశోధనా పత్రం రాయాల్సి వచ్చింది.

మరి భద్రత సంగతి? ఈ అనుమానాలు తీర్చడానికి స్కైప్ 2005లో టామ్ బెర్సన్ అనే పేరున్న క్రిప్టోగ్రఫీ నిపుణుణ్ణి పెట్టుకుంది. ఆయనకి సోర్సు కోడు చూపించారు. ఏఈఎస్ 256 బిట్లు, ఆర్‌ఎస్‌ఏ అన్నీ సక్రమంగానే వాడారని ఆయన నివేదిక ఇచ్చాడు. ఆయన నిజాయితీ మీద నాకేమీ సందేహం లేదు. క్లోజ్డ్ సోర్సు కంపెనీ చెయ్యగలిగిన మంచి పనుల్లో ఇదొకటి కూడా. కానీ ఆయన చూసింది ఆ రోజు కోడు. మర్నాడు మన కంప్యూటర్లో దిగిన అప్‌డేటు ఆ కోడునుంచే తయారయిందా అని చూడ్డానికి మనకి దారి లేదు.

ఆ దారి లేకుండా ఎంత కష్టపడి మూశారో తర్వాతి ఏడాది తెలిసింది. 2006 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన బ్లాక్‌హాట్ యూరప్ సభలో ఫిలిప్ బియొండి, ఫాబ్రిస్ డెక్లో తమ తవ్వకం ఫలితాలు చెప్పారు. ప్రోగ్రాము ఎన్‌క్రిప్టయి డిస్కు మీద ఉంటుంది, మెమరీలోకి వచ్చాకే విప్పుకుంటుంది. సాఫ్ట్‌ఐస్ లాంటి డీబగ్గర్ కనబడితే నడవనంటుంది. కోడులో ఒక్క బైటు మార్చినా పట్టుకునే చెక్‌సమ్‌లు వందలకొద్దీ, అవి కూడా ఒకదాన్నొకటి కాపలా కాస్తూ! ప్యాకెట్లమీద ఆర్‌సీ4 తో ఒక ముసుగు. భద్రత కోసం కాదు, చూసేవాడికి అర్థం కాకుండా ఉండడం కోసం. ఇంత కాపలా పెట్టిన కోటలో వాళ్ళకి ఒక హీప్ ఓవర్‌ఫ్లో కూడా దొరికింది. మూసిపెట్టినంత మాత్రాన లోపల బగ్గులు చావవు కదా.

ఇక్కడ స్కైప్ పక్షాన ఒక మాట చెప్పాలి. అంత ముసుగు ఎందుకంటే, ఇంటర్నెట్ కాల్స్ వస్తే తమ ఆదాయం పోతుందని కొన్ని దేశాల్లో టెలిఫోను కంపెనీలు వాటిని ఆపేసేవి. ప్యాకెట్టు చూసి స్కైప్ అని గుర్తుపట్టలేకపోతేనే కాల్ దాటేది. నిజమే. కానీ టెలిఫోను కంపెనీకి కట్టిన గంతలే కంప్యూటరు యజమానికీ కట్టారు. అదీ నా అభ్యంతరం.

ఇంకా అసలైన లోటు ఒకటుంది. మీరు మాట్లాడుతున్న మనిషి ఫలానావారే అని ధృవీకరించే తాళంచెవి మీద సంతకం పెట్టేది స్కైప్ వారి సర్వరు. ఆ తాళంచెవి అచ్చు ఇద్దరూ పోల్చి చూసుకునే సౌకర్యం పాత స్కైప్‌లో లేదు. అంటే సంతకం పెట్టేవాళ్ళు తలుచుకుంటే మధ్యలో కూర్చోగలరు, మనకి తెలియదు. కూర్చున్నారని నేను అనట్లేదు. కూర్చోలేదని తెలుసుకునే దారి ఇవ్వలేదు అంటున్నా. ఏఈఎస్ ఎంత గట్టిదైనా ఈ లోటు పూడదు.

తెలిసిన తీరు చూడండి

2007 ఫిబ్రవరిలో 64 బిట్ విండోస్ వాడేవాళ్ళకి స్కైప్ తెరవగానే ఒక ఎర్రర్ మెసేజి రావడం మొదలైంది, 1.కామ్ అనే ప్రోగ్రాము నడపలేనని. చూస్తే అది 16 బిట్ ప్రోగ్రాము, 64 బిట్ విండోస్‌లో అవి నడవవు. ఇంతకీ ఆ బుల్లి ప్రోగ్రాము చేసే పని కంప్యూటరు బయోస్ చదవడం! మదర్‌బోర్డు సీరియల్ నంబరు దగ్గర్నుంచి అందులో ఉంటాయి. గొడవయ్యాక స్కైప్ వివరణ ఇచ్చింది. అది తమ కోడు కాదని, అదనపు ప్లగిన్లకి వేరే కంపెనీ చేసిన కాపీ రక్షణ అని, కంప్యూటర్ని గుర్తుపట్టడానికి వాడుతుందని చెప్పి, తర్వాతి వెర్షన్‌లో తీసేసింది. వివరణ నిజమే అయ్యుండొచ్చు. కానీ 32 బిట్ వాళ్ళ కంప్యూటర్లలో ఆ ప్రోగ్రాము చప్పుడు లేకుండా నడిచింది. 64 బిట్ విండోస్ మొరాయించకపోతే అది ఎన్నాళ్ళు నడిచేదో!

అదే ఏడాది ఆగస్టు 16న స్కైప్ మొత్తం పడిపోయింది, కోలుకోవడానికి రెండు రోజులు పట్టింది. కారణం వాళ్ళే చెప్పారు. విండోస్ అప్‌డేటు తర్వాత లక్షల కంప్యూటర్లు దాదాపు ఒకేసారి రీస్టార్టయ్యాయి. సూపర్‌నోడ్లు కూడా వాడుకరుల కంప్యూటర్లే కదా, అవీ పోయాయి. అందరూ ఒకేసారి లాగిన్‌కి ఎగబడ్డారు, దానికితోడు అంతవరకూ బయటపడని ఒక బగ్గు. 2010 డిసెంబరు 22న మళ్ళీ ఇంచుమించు ఇదే కథ. ఆఫ్‌లైన్ మెసేజిల సర్వర్ల మీద భారం పెరిగి జవాబులు ఆలస్యమయ్యాయి, ఆ ఆలస్యాన్ని తట్టుకోలేక విండోస్ వెర్షన్ 5.0.0.152 కుప్పకూలింది, దాంతో సూపర్‌నోడ్లలో 25 నుంచి 30 శాతం పోయాయి. మిగిలినవాటి మీద భారం పడి అవీ మూలిగాయి.

ఈ రెండోసారి స్కైప్ రాసిన వివరణ మాత్రం మెచ్చుకోదగ్గది. ఏ వెర్షను, ఎంతమంది దాన్ని వాడుతున్నారు, ఎంత శాతం పడిపోయింది, మొదలు ఎక్కడ, గొలుసులాగా ఎలా పాకింది, అన్నీ వారం రోజుల్లో చెప్పారు. దానివల్ల వాళ్ళ వ్యాపార రహస్యమేమైనా పోయిందా? ఏమీ పోలేదు. చెప్పాలనుకుంటే చెప్పగలరు అన్నదానికి ఇదే సాక్ష్యం. కాకపోతే, పడిపోయాక చెప్పారు.

చైనా సంగతి ఇంకా దారుణం. అక్కడ టామ్ ఆన్‌లైన్ అనే కంపెనీతో కలిసి టామ్-స్కైప్ అనే వేరే వెర్షన్ ఇచ్చారు. 2006లో, అక్కడ కొన్ని మాటల్ని వడపోస్తున్నామని, ఆ మెసేజిని పారేస్తామే తప్ప ఎక్కడికీ పంపమని స్కైప్ చెప్పింది. 2008 అక్టోబరులో టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజెన్ ల్యాబ్ పరిశోధకుడు నార్ట్ విలనవ్ ఒక నివేదిక పెట్టాడు. ఆ మాటలున్న మెసేజిలు పోగవుతున్నాయి, పంపినవాళ్ళ వివరాలతో సహా సర్వర్లలో ఉన్నాయి, పైగా ఆ సర్వర్లు సరైన కాపలా లేక ఎవరైనా తెరిచి చూసేలా ఉన్నాయి! అతను కూడా మొదలుపెట్టింది వైర్ మీద పోయే ప్యాకెట్లు చూడడంతోనే. ఫలానా మాట టైపు చేస్తే అదనంగా ఒక కనెక్షన్ ఎక్కడికో వెళ్తోంది. దాని వెనకే వెళ్తే సర్వరు దొరికింది. భాగస్వామి తమకి చెప్పకుండా పద్ధతి మార్చేశాడని స్కైప్ అధ్యక్షుడు జాష్ సిల్వర్‌మన్ అన్నాడు. అంటే తమ పేరు పెట్టుకున్న సాఫ్టువేరు ఏం చేస్తోందో కంపెనీకే తెలియలేదు. పాపం అక్కడ రాజకీయం మాట్లాడినవాడికి ఇది ప్యాకెట్ల గొడవ కాదు, జైలు గొడవ.

కొన్నవాడికీ తాళంచెవి లేదు

ఈ కథలో నాకు బాగా నవ్వొచ్చే భాగం ఇది. 2005లో ఈబే స్కైప్‌ని సుమారు 260 కోట్ల డాలర్లు పోసి కొంది. కానీ ఆ పీర్ టు పీర్ గుండెకాయ మాత్రం జోల్టిడ్ అనే వేరే కంపెనీ పేరున ఉండిపోయింది. ఆ కంపెనీ ఎవరిది? స్కైప్ పెట్టిన ఆ ఇద్దరిదే! స్కైప్ దాన్ని లైసెన్సు మీద వాడుకుంటోంది. సోర్సు కోడు వాడుకునే హక్కు మీకు లేదని 2009లో జోల్టిడ్ గొడవకి దిగింది. ప్రత్యామ్నాయం రాసుకుంటున్నామని, అది కుదరకపోతే స్కైప్‌ని నడపడమే కష్టం కావచ్చని ఈబే తన వాటాదారులకి రాతపూర్వకంగా చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి 2009 నవంబరులో ఆ ఇద్దరికీ స్కైప్‌లో 14 శాతం వాటా ఇచ్చి రాజీ పడ్డారు. మూసిన డబ్బా వాడుకరికే కాదు, యజమానికి కూడా మూసిన డబ్బానే.

2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకి కొన్నాక లోపలి నిర్మాణమే మారిపోయింది. వాడుకరుల కంప్యూటర్లలో ఉన్న సూపర్‌నోడ్లు పోయి, మైక్రోసాఫ్ట్ నడిపే దాదాపు 10,000 లినక్సు యంత్రాలు ఆ స్థానంలోకి వచ్చాయి. ఇది కూడా 2012లో కాస్త్యా కార్చిన్‌స్కీ అనే భద్రతా పరిశోధకుడు నెట్‌వర్కుని పరిశీలించి చెబితేనే జనానికి తెలిసింది. నిలకడ కోసమే మార్చామని, మాటలు వాటి గుండా పోవని మైక్రోసాఫ్ట్ అంది. రెండేళ్ళ కిందట కుప్పకూలింది కాబట్టి నిలకడ అన్నది నమ్మదగిన కారణమే. కానీ ఎవరి మాట ఎటు పోతుందన్నది మారినప్పుడు, ముందే ఒక పేజీ రాసి పెట్టడానికి ఏమొచ్చింది?

అలా రాయకపోవడం వల్ల, 2013లో ఏ వివరణా ఎవరి చెవికీ ఎక్కలేదు. మేలో జర్మనీకి చెందిన హైజె వాళ్ళు స్కైప్ చాట్‌లో కొన్ని హెచ్‌టీటీపీఎస్ లింకులు పంపి, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ చిరునామా నుంచి ఎవరో ఆ లింకుల్ని తట్టడం గమనించారు. స్పామ్, మోసపు లింకులు పట్టుకోవడానికే అని కంపెనీ జవాబు. జూన్‌లో స్నోడెన్ పత్రాలు వచ్చాయి, ప్రిజం జాబితాలో స్కైప్ పేరు పక్కన 2011 ఫిబ్రవరి 6 అన్న తేదీ ఉంది. అంటే మైక్రోసాఫ్ట్ కొనడానికి ముందే. చట్టప్రకారం వచ్చిన ఆదేశాలకే స్పందిస్తామని కంపెనీ అంది. దీంతో జనం సూపర్‌నోడ్లు మార్చింది కూడా ఇందుకేనని అనుకోవడం మొదలెట్టారు. నిజమో కాదో తేల్చుకునే సాధనం ఎవరి దగ్గరా లేదు. నిజంగా తప్పు చెయ్యకపోయినా నిరూపించుకోలేని పరిస్థితి కంపెనీ తనకి తానే తెచ్చుకుంది.

తెరిచిన ముక్క బతికింది

ఇక చివరి సంగతి. 2009లో స్కైప్ తన సిల్క్ అనే ఆడియో కోడెక్‌ని రాయల్టీ లేకుండా ఇచ్చింది. తర్వాత దాన్ని ఐఈటీఎఫ్ ముందు పెట్టింది. అది షిఫ్.ఆర్గ్ వాళ్ళ సెల్ట్ అనే కోడెక్‌తో కలిసి, నలుగురూ బహిరంగంగా కొట్టుకుని తిట్టుకుని సరిదిద్దగా, 2012 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6716గా, ఓపస్ పేరుతో బయటికొచ్చింది. ఇవాళ బ్రౌజర్లో మాట్లాడుకునే వెబ్‌ఆర్‌టీసీకి ఓపస్ తప్పనిసరి కోడెక్. అంటే స్కైప్ మూతపడ్డాక కూడా, మీరు బ్రౌజర్లో మీటింగ్ తెరిచి మాట్లాడినప్పుడల్లా స్కైప్ వాళ్ళ పని అందులో కొంత ఉంది. వందల చెక్‌సమ్‌లతో కాపాడుకున్న ప్రోటోకాల్‌ని మాత్రం ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. సిల్క్ ఇచ్చినందుకు స్కైప్ వ్యాపారం పోలేదు. ప్రోటోకాల్ దాచినందుకు వ్యాపారం మిగలనూ లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇది మన వృత్తి సంగతి. మేము వాడే ఒక మానిటరింగ్ సాఫ్టువేరు రోజూ అర్ధరాత్రి దాటాక ఎక్కడో తెలియని సర్వరుకి కనెక్టయ్యేది. అమ్మినవాళ్ళని అడిగితే మొదటి జవాబు "అది మామూలే". రెండో జవాబు "ఇంజనీరింగ్ టీముని కనుక్కుంటాం". మూడు వారాలకి తేలిందేమిటంటే అది లైసెన్సు చెక్. అందులో రహస్యమేమీ లేదు, కుట్రా లేదు. అమ్మేవాళ్ళలో ఎవరికీ తమ సాఫ్టువేరు ఎవరితో మాట్లాడుతుందో పూర్తిగా తెలియదు, అంతే. ఈ మూడు వారాలూ మా ఫైర్‌వాల్‌లో ఆ చిరునామాని ఆపేసి కూర్చున్నాం.

కోడు అడగట్లేదు ఎవరూ. ఏయే చిరునామాలతో, ఏ పోర్టుల మీద, ఎప్పుడు మాట్లాడుతుంది, ఏం పంపుతుంది, ఆ కనెక్షన్ ఆపేస్తే ఏ పని ఆగుతుంది, తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి. ఇదంతా ఒక పేజీలో పడుతుంది. ఇందులో ఏదీ పోటీ కంపెనీకి పనికొచ్చే రహస్యం కాదు. ఎందుకంటే ప్యాకెట్లు పట్టుకుని చూసేవాడికి ఎలాగూ చాలావరకు తెలిసిపోతుంది. తెలియనిది డబ్బిచ్చి కొన్న కస్టమరుకి మాత్రమే. ఇక వెర్షన్ మారి ఈ పేజీలో ఏదైనా మారితే రిలీజ్ నోట్స్‌లో ఒక వాక్యం రాస్తే చాలు.

మీరు పనిచేసే ప్రొడక్టుకి ఇలాంటి పేజీ ఉందా? లేకపోతే మేనేజరు అనుమతి కోసం ఆగక్కర్లేదు. టెస్టు మెషీన్ మీద వైర్‌షార్క్ పెట్టి, ప్రొడక్టుని ఒక రాత్రంతా వదిలేసి, పొద్దున్నే వచ్చి చూడండి. జాబితాలో మీకు తెలియని చిరునామా ఒక్కటైనా కనబడుతుంది. అది ఎందుకు ఉందో టీములో అడగడంతో మొదలుపెట్టండి.